శెనక్కాయల మాట ఎత్తని రోజు

నా పదవీ విరమణ సభలో ఆరుగురు మాట్లాడారు. మన కాలేజీని టీవీ దాకా తీసుకుపోయింది ఈ సార్ గారే అని ఆరుగురూ మరవకుండా అన్నారు. శాలువా కప్పారు, మైసూరు పేటా పెట్టారు. పేటా నా తలకు పెద్దదై కళ్ల మీదికి జారుతూ ఉండింది. జారనిచ్చాను. లేకపోతే టీవీ మాట వచ్చినప్పుడల్లా నా మొహం ఎట్లా అవుతున్నదో ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు కనిపించేది.

ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. చుట్టుపక్కల కాలేజీల్లో కొత్తగా చేరిన పి.డి.లు, అంటే నా మాదిరి ఆటల మాస్టర్లు, ఈ మధ్య నాకు ఫోన్ చేస్తున్నారు. మళ్లీ ఎవరో కొత్త లీగు పెడుతున్నారట, కొత్త చానలు వస్తోందట, కాగితాలు పంపించారట. సంతకం పెట్టమంటారా సార్, మీకు అనుభవం ఉంది కదా అంటున్నారు. నోటితో చెప్పబోతే నేను సరిగ్గా చెప్పలేను. నోటితో అబద్ధం చెప్పే అలవాటు నాకు ఒకటి ఉంది. కాగితం మీద కొంచెం నయం. అందుకని ఇట్లా రాస్తున్నాను.

కర్ణాటక అంచున ఉన్న పావగడలో ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై రెండేళ్లు పనిచేశాను. నేను చేరిన రోజు మా ఆటల శాఖ అంటే ఒక బీరువా, అందులో గాలి పోయిన రెండు బంతులు, ఒక విజిల్. మైదానం అంటే ఎర్రమట్టి, గులకరాళ్లు. ఉన్న దాంట్లో ఆడాలంటే కబడ్డీయే దిక్కు. దానికి బంతి కూడా అక్కర్లేదు, ఊపిరి ఉంటే చాలు.

విశ్వవిద్యాలయం పోటీలకు పోతే మొదటి రౌండులోనే ఓడి ఇంటి దోవ పట్టేవాళ్లం. ఆడింది అర్ధగంట, బస్సులో కూర్చున్నది రెండు రోజులు. ఇది కాదని మాలాంటి కాలేజీలు ఐదు కలిసి, ఒకరి ఊరికి ఒకరు పోయి ఆడేట్టు, సొంతంగా ఒక ఆటల వరుస పెట్టుకున్నాం. మూడు కర్ణాటకవి, రెండు ఆంధ్రవి. పావగడకు ఏ పక్క పోయినా కొంచెం దూరంలో ఆంధ్రే కాబట్టి అది మాకు వింతగా అనిపించలేదు. ఎవరూ మా వరుసను గుర్తించలేదు. మేం కూడా ఎవరినీ గుర్తించమని అడగలేదు. కప్పు లేదు, సర్టిఫికెట్ లేదు. ఆట అయిపోయాక ఒక గంగాళం నిండా ఉడకేసిన శెనక్కాయలు, గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ దాని చుట్టూ కూర్చునేవాళ్లు. అదే బహుమానం.

ఆ వరుసకు ఒక నియమం ఉండింది. ఎక్కడా రాసుకోలేదు. మడకశిర పక్క కాలేజీ పి.డి. నా ఈడువాడు, నాకు నేస్తం. మొదటి ఏడే ఒకసారి తన జట్టుతో బస్సు దిగి చూస్తే మా వైపు నలుగురే ఉన్నారు. మిగిలినవాళ్లు యాడికి పోయినారప్పా అన్నాడు. శెనక్కాయ పీకేకి పోయినారన్నాను. తిడతాడనుకున్నాను. ఏ ఊరు, దారి చూపించు అన్నాడు. బస్సును నేరుగా చేనికి తోలించాడు. రెండు జట్లూ కలిసి మధ్యాహ్నానికి చేను పీకేశాయి. సాయంత్రం ఆ చేని పక్కనే గీతలు గీసి ఆడారు. మాకందరికీ నడుములు పట్టేసి ఉన్నాయి, అంత చెడ్డ కబడ్డీ నేను మళ్లీ చూడలేదు.

అప్పటినుంచి అదే పద్ధతి అయింది. మా వైపు దీన్ని ముయ్యి అంటారు. ఈ పొద్దు నేను నీ చేనికి వస్తాను, రేపు నువ్వు నా చేనికి రా. కూలి లేదు, లెక్క లేదు. ఏ జట్టు పిల్లల చేను పీకడానికి వచ్చి ఉంటే అవతలి జట్టు ఒక రోజు ముందే వచ్చి పీకించి, ఆ తర్వాత ఆడేది. శెనక్కాయ పంట తెలియనివాళ్ల కోసం ఒక్క మాట చెప్పాలి. భూమిలో పదును ఉన్నప్పుడే చెట్టు పీకాలి. వాన పడిన తర్వాత రెండు మూడు రోజులే ఆ పదును. ఆరిపోయిందంటే చెట్టు చేతికి వస్తుంది, కాయలు భూమిలోనే తెగిపోతాయి. పదును ఏ సెలవు రోజూ చూసుకోదు, ఏ మ్యాచీ చూసుకోదు.

ఇట్లా ఇరవై ఏళ్లకు పైన నడిచింది. తర్వాత సోలార్ పార్కు వచ్చింది. వల్లూరు పక్క చేలన్నీ అద్దాల కిందికి పోయాయి. భూమి ఉన్నవాళ్లకు ఏడాదికి ఇంత అని కౌలు వస్తోంది, లేనివాళ్లు అద్దాలు కడగడానికో కాపలాకో పోతున్నారు. మా జట్టులో సగం పిల్లల ఇళ్లలో శెనక్కాయ మాటే లేకుండా పోయింది. దానికి తోడు వరసగా కరువు. ఇంక ఈ తాలూకాలో శెనక్కాయ కాలం ముగిసిపోయిందని నేను తీర్మానించుకున్నాను. చదువుకున్నవాళ్లకు ఇట్లాంటి తీర్మానాలు తొందరగా వస్తాయి.

కానీ నిడుగల్లు పక్క అద్దాలు రాలేదు. కోట కొండ కింద వాన మీద ఆధారపడిన చేలు అట్లాగే ఉండిపోయాయి. నేను చెప్పబోయే పిల్ల ఆ ఊరిదే.

గొర్రెల కాపరుల ఇంటి పిల్ల. తండ్రి ఏడాదిలో సగం మందను తోలుకుని ఆంధ్ర పక్క మేపుకు పోయేవాడు. చేను తల్లీ కూతురూ చూసుకునేవాళ్లు. మా ఆడపిల్లల కబడ్డీ జట్టులో ఆడేది, కూతకు పోవడం పెద్దగా రాదు. పట్టు మాత్రం ఒక్కటి ఉండింది, కాలిపట్టు. కూతకు వచ్చిన మనిషి చీలమండ చేతికి దొరికిందా, ఇంక వదిలేది కాదు. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగాను. "గొర్రె మొగం చూడకూడదు సార్, కాలు చూడల్ల. మొగం చూస్తే అది బెదరతాది, మనకు పాపమనిపిస్తాది" అన్నది. నేను శిక్షణ శిబిరాల్లో విన్న పాఠాలన్నిటికంటే అది బాగుండింది.

ఆ పిల్లకు పోలీసు కావాలని ఆశ. క్రీడా కోటాలో కానిస్టేబుల్ ఉద్యోగాలు ఉంటాయి. దానికి గుర్తింపు ఉన్న పోటీలో ఆడిన సర్టిఫికెట్ కావాలి. మా వరుస ఇచ్చేది ఉడికిన శెనక్కాయలు, వాటిని పోలీసు శాఖ తీసుకోదు. ఎప్పుడు కనిపించినా అడిగేది, సార్ మనకు సర్టిఫికెట్ ఇచ్చే ఆట ఎప్పుడొస్తాదని.

అట్లాంటి సమయంలో లీగు వచ్చింది. ఒక కంపెనీ పెద్ద కాలేజీలను కలిపి కబడ్డీ లీగు నడుపుతూ ఉండింది. దానికి ఒక చానలుతో ఒప్పందం కుదిరింది. చానలువాళ్లకు మరిన్ని జిల్లాలు కావాలి, ఎందుకంటే ఎన్ని జిల్లాల జట్లుంటే అన్ని జిల్లాల్లో చూస్తారు. అందుకని లీగును పెంచుతూ మా దాకా వచ్చారు. టీవీ సొమ్ములో కాలేజీకి ఒక వాటా ఇస్తామన్నారు. రబ్బరు మ్యాటు, బూట్లు, సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. మా ప్రిన్సిపాల్ ఆ వాటాతో కాంపౌండు గోడ కట్టించాలని అప్పుడే కొలతలు వేయించాడు. ఇల్లు అలకగానే పండగా అని నేను నవ్వాను. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆ మ్యాటు ఏ పక్క పరవాలో గీతలు గీసుకున్నాను.

షరతులు కొన్ని ఉన్నాయి. లీగులో చేరిన కాలేజీ ఆ సీజన్లో వేరే ఏ పోటీలోనూ ఆడకూడదు. పక్క రాష్ట్రం కాలేజీలకు చోటు లేదు. ఒక్క మ్యాచికి జట్టు రాకపోయినా కాలేజీ పేరు కొట్టేస్తారు, ఎవరికీ సర్టిఫికెట్ రాదు. మొదటి రెండు షరతులతో మా ఐదు కాలేజీల వరుస చచ్చిపోతుందని చదివిన క్షణమే నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఇప్పుడు చెప్పుకుంటే నాకే బాగుంటుంది, కానీ అర్థమైంది.

సంతకాల సమావేశం బెంగుళూరులో ఒక పెద్ద హోటల్లో పెట్టారు. ఏసీ గది, గుండ్రటి బల్లలు, ప్రతి బల్ల మీద గాజు గిన్నెలో మసాలా శెనక్కాయలు, తినడానికి చిన్న చెంచాలు. శెనక్కాయను చెంచాతో తినడం నేను అదే మొదలు చూడటం. కంపెనీ మనిషి చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. క్యాలెండరు తెర మీద చూపించి, మీ ప్రాంతానికి ప్రత్యేకంగా ఏదైనా ఇబ్బంది ఉంటే ఇప్పుడే చెప్పండి, మార్చుకుందాం అన్నాడు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. అతను అడిగాడు.

కర్ణాటక కోస్తా నుంచి వచ్చిన ఒక మేడమ్ తమ పరీక్షల తేదీలు చెప్పింది. వెంటనే మార్చారు. ఇంకొకాయన తమ ఊరి జాతర గురించి చెప్పాడు. అదీ మార్చారు. మా మ్యాచులు మూడు సరిగ్గా శెనక్కాయ పీకే నెలలో పడి ఉన్నాయి. చెయ్యెత్తాను. మైకు నా బల్ల దగ్గరికి రావడానికి కొంచెం సేపు పట్టింది. ఆ కొంచెం సేపులో నా పక్కన టై కట్టుకున్నవాళ్లను చూశాను. గాజు గిన్నె చూశాను. మా జట్టు శెనక్కాయలు పీకాలి కాబట్టి మ్యాచు వాయిదా వేయండి, వీలైతే అవతలి జట్టును ఒక రోజు ముందే పంపించండి అని ఆ గదిలో చెబుతున్నట్టు ఊహించుకున్నాను. నాకు సిగ్గేసింది. చెమట కూడా పట్టింది, ఆ ఏసీలో.

మైకు వచ్చింది. చెప్పండి సార్ అన్నాడు కంపెనీ మనిషి. బూట్ల సైజులు ఎప్పటిలోగా పంపాలని అడిగాను.

మంచి ప్రశ్న అన్నాడు. తర్వాత సంతకం పెట్టాను.

మడకశిర నేస్తానికి ఈ సంగతి ఫోన్లో చెప్పే ధైర్యం లేక ఇంటికే పోయాను. అంతా విన్నాడు. కాఫీ ఇప్పించాడు. మీ పిల్లోళ్లకు పోలీసు పనులు రావల్ల, దానికి నేను అడ్డం చెప్పనప్పా అన్నాడు. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ ఉంటే ఒక్క మాట మాత్రం అడిగాడు, ముయ్యి సంగతి వాళ్లకు చెప్పినావా అని. ఇప్పుడు యాడుండాయప్పా శెనక్కాయలు అన్నాను. ఆ ప్రశ్నకు అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ ఏడే వాన పడింది. ఎన్నో ఏళ్లకు చెరువులు నిండాయి. కందీ శెనక్కాయా విరగకాశాయి. దేవుడు మా జిల్లాకు మంచి చేయాలనుకుంటే ఎప్పుడూ తప్పు ఏడాదినే ఎంచుకుంటాడు. నిడుగల్లులో ఆ పిల్ల చేను చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఒక్కొక్క చెట్టుకు దోసెడు కాయలు. సరిగ్గా మా మూడో మ్యాచుకు నాలుగు రోజుల ముందు ఒక వాన కొట్టి పదును వచ్చింది. కూలివాళ్లు లేరు, కాళ్లూ చేతులూ ఆడేవాళ్లందరూ వల్లూరులో నెలజీతానికి అద్దాలు కడుగుతున్నారు. తండ్రి మందతో ఎక్కడున్నాడో ఫోన్ కూడా అందడం లేదు.

మ్యాచు ఒక్క సాయంత్రానిదే అయితే ఎట్లో సర్దుకునేవాళ్లం. టీవీవాళ్లు ఒక రోజు ముందే రమ్మన్నారు. చేతులు కట్టుకుని కోపంగా చూస్తున్నట్టు ఒక్కొక్కరినీ ఫోటోలు తీయాలట. పోనురాను కలిపి మూడు రోజులు. జట్టులో పన్నెండు మంది ఉండాలి, మాకు ఉన్నది సరిగ్గా పన్నెండు మంది. ఆ పిల్ల రానని కబురు చేసింది. నేను నిడుగల్లు పోయాను.

తల్లి చేనిలోనే ఉంది, ఒక్కతే పీకుతోంది. నన్ను చూసి నడుము మీద చేయి పెట్టుకుని లేచింది. కూతురు గట్టు మీద నిలబడి నేల చూస్తోంది.

"సార్, పదును రెండు దినాలుంటాది. ఆపైన నా చేతిలో లేదు. పాప ఉంటే ఇద్దరం కిందామీదా పడి పీకేస్తాం" అన్నది తల్లి.

ఒక్క మ్యాచు వదిలితే కాలేజీనే తీసేస్తారని, పన్నెండు మందికీ సర్టిఫికెట్ పోతుందని చెప్పాను. మన పిల్ల టీవీలో కనిపిస్తుంది, ఊరంతా చూస్తుంది అని కూడా చెప్పాను. ఆమెకు టీవీ పట్టలేదు. ఒక్కటే అడిగింది.

"ఆ ఆటాడితే పోలీసు పని వస్తాదా సార్?"

"వస్తాదమ్మా" అన్నాను.

వస్తుందో రాదో నాకు తెలియదు. సర్టిఫికెట్ ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు, అంతవరకే తెలుసు. ఆమె కూతురి పక్క తిరిగి పో అన్నది. మళ్లీ వంగి చెట్టు పట్టుకుంది.

ఆ గట్టు మీదినుంచే మడకశిర నేస్తానికి ఫోన్ చేశాను. సిగ్గు చంపుకునే చేశాను. నీ పిల్లోళ్లను ఒక్క దినం పంపిస్తావా, నిడుగల్లులో చేను ఉండాది, ముయ్యి అనుకో, వచ్చే ఏడు మేమొస్తాం అన్నాను. 

"పంపించేకి నాకు జట్టు యాడుండాదప్పా?" అన్నాడు. "మీరు పోయినాక ఆడేకి ఎవురూ లేరు. పిల్లోళ్లు రావడం మానేసినారు. నేనిప్పుడు పరీక్షల డ్యూటీలు చేస్తాండాను."

గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే బాగుండేది. ఐదు కాలేజీలూ ఉండి ఉంటే ఆ చేను ఒక్క పూటకు అయిపోయేది. నాకు కావలసింది నేనే పీకి పారేసి ఉన్నాను.

బస్సులో నేను ముందు సీట్లో, పిల్లలు వెనక. ఎవరో అంటున్నారు, సార్ ఆ మీటింగులో మన ముయ్యి సంగతి చెప్పిండల్ల కదా అని. ఆ పిల్ల గొంతు వినిపించింది, సార్ చెప్పింటాడులే, వాళ్లు వినింటారా అని. నేను వెనక్కి తిరగలేదు. నిద్రపోతున్నట్టు తల వాల్చాను.

మ్యాచు గురించి వివరంగా రాయలేను. మ్యాటు మీద మా పిల్లలకు అడుగు నిలవలేదు. అయినా చివరి దాకా లాక్కొచ్చారు, ఇంకొక్క పాయింటు వస్తే గెలుపు. అవతలి జట్టులో పొడుగు పిల్ల ఆఖరి కూతకు వచ్చింది. మన పిల్ల మొహం చూడలేదు, కాలే చూసింది. పడి చీలమండ పట్టింది. కానీ మేం ఎప్పుడూ ఉత్త కాళ్లు పట్టినవాళ్లం. ఆ పొడుగు పిల్లకు బూటు, పైన మెత్తటి పొడుగు సాక్సు. పట్టు జారి, బూటు ఊడి పక్కన పడింది, సాక్సు మన పిల్ల చేతికి వచ్చేసింది. ఆ అమ్మాయి ఒంటికాలితో గెంతుతూ గీత దాటింది. హాలంతా నవ్వింది. కెమెరావాళ్లు కూడా నవ్వారు. ఆ పిల్ల సాక్సు పట్టుకుని మ్యాటు మీద కూర్చునే ఉంది, దాన్ని ఎవరికివ్వాలో తెలియక.

నిడుగల్లులో అంగడి దగ్గర టీవీ పెట్టుకుని ఊరంతా కూర్చున్నారట. మాకంటే ముందు ఆడిన బెంగుళూరు జట్ల మ్యాచు సాగదీసి, మా సమయంలో కూడా దాన్నే వేశారు. మాది తర్వాత వేస్తామన్నారు. తర్వాత వేశారు కూడా, నవ్వు పుట్టించే ముక్కలన్నీ కలిపి వేసే ఒక కార్యక్రమంలో. సాక్సు ఊడిన ముక్క ఒక్కటే, పది సెకన్లు. అదే అందరి ఫోన్లలో తిరిగింది. బనీను మీద మన కాలేజీ పేరు స్పష్టంగా కనిపించిందని ప్రిన్సిపాల్ సంతోషించాడు. పదవీ విరమణ సభలో వాళ్లు టీవీ అన్నది ఆ పది సెకన్ల గురించే.

తిరిగి వచ్చిన రోజు జట్టునంతా తీసుకుని బస్టాండు నుంచి నేరుగా నిడుగల్లు పోయాను. మూడు రోజులూ ఎండ, గాలి. ఎర్రమట్టి కాల్చిన ఇటుక మాదిరి అయిపోయింది. తల్లి మూడో వంతు పీకింది. మిగిలింది మేం పీకాం. చెట్టు చేతికి వస్తోంది, వేరుకు ఒకటో రెండో కాయలు, మిగిలినవి లోపలే. పారలు తెచ్చి తవ్వాం. పన్నెండు మంది పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో మట్టి గోకారు. సాయంత్రానికి ఒక మూట కూడా కాలేదు.  అవి కూడా తల్లి మాకే ఉడకేసింది.

వద్దమ్మా, విత్తనానికి పెట్టుకో అన్నాను.

"ఆటాడొచ్చినారు కదా సార్, ఆకలేసింటాది. తినండి" అన్నది.

తిన్నాను. ఏం చేయాలో తెలియనప్పుడు మనిషి తింటాడు. ఆ పిల్ల మాత్రం ముట్టలేదు.

తర్వాతిది త్వరగా చెప్పేస్తాను. మరుసటి సీజనుకు చానలు లీగును తగ్గించింది. చూసేవాళ్లు ఎక్కువున్న పెద్ద ఊళ్ల కాలేజీలను మాత్రం ఉంచుకుంది. మాకు రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది, కింద ధన్యవాదాలతో. కాంపౌండు గోడ లేవలేదు. ఆ పిల్ల సర్టిఫికెట్ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని పోలీసు ఎంపికకు పోయింది. ఇది ప్రైవేటు లీగు, కోటాకు చెల్లదని అక్కడ చెప్పి తిరిగి ఇచ్చారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏడు విత్తనానికి కాయలు లేక మరుసటి ఏడు ఆ చేను బీడు పడింది. తండ్రి మందలో సగం అమ్మేశాడు. ఆ పిల్ల చివరి ఏడు పరీక్షలకు రాలేదు.

ఐదు కాలేజీల వరుసను మళ్లీ నిలబెట్టాలని నేను తిరిగాను. ఒకచోట పి.డి. పోస్టు ఖాళీ, ఒకచోట కబడ్డీ మైదానంలో కొత్త గదులు కట్టారు. మడకశిర నేస్తం రిటైరై కొడుకు దగ్గరికి హిందూపురం పోయాడు. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది. మా దగ్గర మిగిలింది రబ్బరు మ్యాటు. వార్షికోత్సవానికి జనం కూర్చోడానికి దాన్ని పరుస్తున్నారు.

పోయిన ఏడు బంధువుల ఇంట పెళ్లికి వల్లూరు పోయాను. తిరిగి వస్తూ రోడ్డు పక్క బస్సు కోసం నిలబడి ఉంటే కంచె అవతల అద్దాల వరసల మధ్య నీళ్ల ట్రాక్టరు, పొడుగు కర్రలకు కట్టిన బ్రష్షులతో నలుగురైదుగురు ఆడవాళ్లు కనిపించారు. అందులో ఒకరు కర్ర పక్కన పెట్టి కంచె దగ్గరికి వచ్చారు. మొహానికి గుడ్డ చుట్టుకుని ఉంది. గుడ్డ తీస్తే ఆ పిల్ల.

బాగుండారా సార్ అన్నది. నేను ఏదో అన్నాను. పెళ్లి అయిందట, ఒక కూతురట. కబడ్డీ ఆడతాదా అని అడగబోయి మానుకున్నాను. తల్లి కూడా ఇక్కడే పనిచేస్తోందని చెప్పింది. చేను అట్లాగే ఉండాది, కంప పడిండాది అన్నది. నిడుగల్లుకూ అద్దాలొస్తే బాగుండని ఊళ్లో అందరూ ఎదురుచూస్తున్నారట.

 ఇన్నేళ్లుగా అడగాలనుకున్నట్టు అడిగింది.

"సార్, ఆ బెంగుళూరు మీటింగులో మన శెనక్కాయల సంగతి మీరు చెప్పినారు కదా. వాళ్లేమన్నారు?"

కంచెకు ఇటు పక్క ఇంకెవరూ లేరు. గాజు గిన్నెలు లేవు, టైలు లేవు, మైకు లేదు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి చోటు నాకు జీవితంలో మళ్లీ దొరకదు.

"చెప్పినానమ్మా. శానాసార్లు చెప్పినాను. వాళ్లే వినలేదు" అన్నాను.

ఆ పిల్ల తల ఊపింది. మొహం తేలికపడింది, అది నేను కళ్లారా చూశాను. "నాకు తెలుసు సార్. మాయమ్మే నమ్మదు, మీ సార్ అడగనే లేదేమో అంటాంటాది. నేను ఎన్నిసార్లు కొట్లాడినానో ఆయమ్మతో" అన్నది. వెనక్కి తిరిగి అద్దాల పక్క చూసి పిలిచింది. దూరంగా ఒక ముసలామె బ్రష్షు కింద పెట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నడిచి వచ్చింది. నేను దండం పెట్టాను. ఆమె పెట్టింది.

"సార్, మీ నోటితోనే చెప్పండి మాయమ్మకు" అన్నది ఆ పిల్ల.

తల్లి నా మొహం చూడలేదు, కింద నా కాళ్ల పక్క చూస్తూ నిలబడింది. చెప్పాను. రెండోసారి తడబడలేదు.